నోటి ఆరోగ్యం – నివారణ మార్గం

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్న సామెత మాట తీరును గురించి పుట్టింది. దంతవైద్యులు ఈ సామెతకు మరొక అర్థం కూడా చెప్పవచ్చు. నోరు ఆరోగ్యంగా ఉన్న మనిషి తిన్నది చక్కగా నములుతాడు. నమిలినది చక్కగా జీర్ణమవుతుంది. మాట స్పష్టంగా పలుకుతుంది, నవ్వు నిస్సంకోచంగా వెలువడుతుంది. నోరు చెడితే ఈ నాలుగూ చెడుతాయి. అయినా శరీరంలోని మిగిలిన అవయవాల మీద ఉన్న శ్రద్ధ చాలా మందికి పళ్ల మీద ఉండదు. జ్వరం వస్తే మరునాడే వైద్యుని దగ్గరకు వెళ్లేవారు, పన్ను నొప్పి పుడితే లవంగం పెట్టుకొని వారాల తరబడి ఓర్చుకొంటారు. నొప్పి భరించలేని స్థితికి వచ్చిన తరువాతనే దంతవైద్యశాల మెట్లు ఎక్కుతారు. అప్పటికి పన్నును కాపాడే అవకాశం తరచుగా చేజారిపోయి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారు. అంటే దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు. ఇంత విస్తారమైన ఈ వ్యాధులలో అధిక భాగం నివారింపదగినవే. నివారణకు కావలసినవి ఖరీదైన యంత్రాలు కావు. తెలివిడి, అలవాటు, సకాలంలో ఒక పరీక్ష. ఈ మూడింటినీ ప్రజలకు అందించడమే నేటి దంతవైద్యం తన ప్రథమ కర్తవ్యంగా భావిస్తున్నది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నీరు, నేల, తిండి, అలవాట్లు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణలుగా నిలుస్తాయి.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

మనిషికి రెండు విడతలుగా పళ్లు వస్తాయి. మొదట వచ్చే పాలపళ్లు 20, తరువాత వచ్చే శాశ్వత దంతాలు 32. పంటిపై తెల్లగా మెరిసే పింగాణి పొరను ఎనామిల్ అంటారు. మానవ శరీరంలో దీనికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. ఎముక విరిగితే అతుక్కొంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు గనుక ఒకసారి గుంట పడితే అది తిరిగి పూడదు. ఇంత గట్టి పదార్థానికి ఇంత నిస్సహాయత ఉండడమే దంతరక్షణలోని అసలు సమస్య.

పంటిలో పురుగు చేరి తొలుస్తుందని పూర్వం అనేక దేశాల ప్రజలు నమ్మేవారు. “పిప్పిపన్ను”ను “పురుగు పట్టిన పన్ను” అనడం రాయలసీమ పల్లెలలో ఇప్పటికీ వినబడుతుంది. 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ అనే శాస్త్రవేత్త నోటిలోని సూక్ష్మజీవులపై వెలువరించిన గ్రంథం ఈ నమ్మకాన్ని తొలగించింది. తిన్న పదార్థాలలోని చక్కెరను, పిండిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ ఆయన వివరించాడు. పంటిని పట్టుకొని ఉండే మెత్తని జిగురు వంటి పాచి ఆ సూక్ష్మజీవుల నివాసం. తీపి తిన్న కొద్ది నిమిషాలలోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. ఆ తరువాత లాలాజలం మెల్లగా ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పంటికి అందిస్తుంది. దీనికి సుమారు అరగంట నుండి గంట వరకు పడుతుంది.

ఈ లెక్కను బట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. తీపి ఎంత తిన్నారనే దానికంటే ఎన్నిసార్లు తిన్నారనేదే పంటికి ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డు తిన్నవారి పళ్లు ఒకసారే ఆమ్లం బారిన పడతాయి. అదే లడ్డును కొంచెం కొంచెంగా రోజంతా చప్పరించినవారి పళ్లకు తేరుకొనే వ్యవధి దొరకదు. స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 నుండి కొన్ని సంవత్సరాల పాటు జరిగిన పరిశోధన ఈ సత్యాన్ని నిరూపించింది. భోజనాల మధ్య, పంటికి అంటుకొనే తీపి పదార్థాలు తిన్నవారికి దంతక్షయం ఎక్కువగా వచ్చింది. ఆ పరిశోధనను తమ మేలు కీడులు చెప్పుకోలేని మానసిక వికలాంగులపై జరిపినందువల్ల అది తరువాత తీవ్రమైన విమర్శకు గురైంది. ఆ జ్ఞానం వెనుక నిస్సహాయుల బాధ ఉన్నదన్న సంగతి కూడా మరువరాదు.

చిత్తూరు ప్రాంతం చెరకుకు, బెల్లానికి పేరు పొందినది. పంచదార హానికరమనీ, బెల్లం నిరపాయకరమనీ చాలా మంది తలుస్తారు. సూక్ష్మజీవులకు ఈ భేదం తెలియదు. బెల్లంలో కూడా అధిక భాగం చక్కెరే. పైగా బెల్లం పాకంతో చేసిన వేరుసెనగ ఉండలు, అచ్చులు పళ్ల సందులలో అంటుకొని ఎక్కువ సేపు నిలుస్తాయి. వీటిని మానివేయనక్కరలేదు, భోజన సమయంలో తిని, వెంటనే నీళ్లతో నోరు పుక్కిలిస్తే చాలు. మధ్య మధ్య నమలడానికి వేయించిన వేరుసెనగ గింజలు, జామకాయ, దోసకాయ మేలు. రోజుకు ఐదారుసార్లు చక్కెర వేసిన కాఫీ, టీలు తాగే అలవాటు కూడా పంటికి తీపి ఉండలతో సమానమే. సీసాలలో దొరికే శీతల పానీయాలలో చక్కెరతో పాటు ఆమ్లం కూడా ఉంటుంది గనుక వాటి హాని రెట్టింపు.

ఆరో ఏట వచ్చే పన్ను

తల్లిదండ్రులలో చాలా మందికి తెలియని సంగతి ఒకటున్నది. పిల్లలకు సుమారు ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనుక నాలుగు వైపులా నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. వీటి కోసం ఏ పాలపన్నూ ఊడదు. నొప్పి లేకుండా, ఎవరికీ తెలియకుండా వచ్చే ఈ పళ్లను పెద్దలు పాలపళ్లనే భ్రమపడతారు. “పాలపన్నే కదా, ఊడిపోయి మరొకటి వస్తుంది” అని నిర్లక్ష్యం చేస్తారు. నిజానికి అవి శాశ్వత దంతాలు. జీవితాంతం నమిలే భారాన్ని మోసేవి అవే. వాటిపై లోతైన గాడులు ఉండడం వల్ల ఆహారం సులభంగా చిక్కుకొని, వచ్చిన రెండు మూడేళ్లకే అవి పుచ్చిపోయే ప్రమాదం ఉన్నది. పదేళ్లు నిండకముందే ఈ పన్ను పీకించుకొన్న పిల్లవాడు మిగిలిన జీవితమంతా ఆ లోటుతో గడపవలసి వస్తుంది. ఖాళీ అయిన చోటికి పక్క పళ్లు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, పలువరుస క్రమం తప్పుతుంది.

ఈ నష్టాన్ని ఆపడానికి దంతవైద్యం ఒక సులభమైన ఉపాయాన్ని కనుగొన్నది. దవడ పంటి గాడులను పలుచని పూతతో మూసివేస్తారు. దీనిని సీలెంట్ అంటారు. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికన్ దంతవైద్యుడు ఎనామిల్‌ను తేలికపాటి ఆమ్లంతో గరుకు చేస్తే పూత గట్టిగా అంటుకొంటుందని చూపడంతో ఈ పద్ధతికి పునాది పడింది. సూది లేదు, మరతో తొలచడం లేదు, నొప్పి లేదు. కొద్ది నిమిషాలలో ముగిసే ఈ పని ఒక పన్నును ఏళ్ల తరబడి కాపాడగలదు. అయితే పన్ను పుచ్చకముందే పిల్లవానిని తీసుకొని రావాలి. నివారణ అంటే ఇదే: బాధ లేనప్పుడు చేయవలసిన పని.

చిగుళ్ల మాట

పళ్లు ఊడిపోవడానికి దంతక్షయం ఒక కారణం, చిగుళ్ల వ్యాధి మరొక కారణం. ప్రతిదినం తొలగించని పాచి లాలాజలంలోని ఖనిజాలతో కలిసి గట్టిపడి గారగా మారుతుంది. గార చిగుళ్లను ఒరుసుకొని వాపు కలిగిస్తుంది. పళ్లు తోముకొనేటప్పుడు రక్తం కనబడడం ఈ వ్యాధికి మొదటి హెచ్చరిక. రక్తం చూచి భయపడి అక్కడ తోమడం మానివేసేవారు చాలా మంది. దానివల్ల పాచి మరింత పేరుకొని వ్యాధి ముదురుతుంది. చివరకు పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పుచ్చు లేని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల వ్యాధి తీవ్రంగా ఉంటుంది; చిగుళ్ల వ్యాధి అదుపులో లేకపోతే రక్తంలో చక్కెరను అదుపు చేయడం కూడా కష్టమవుతుంది. నోటిని శరీరం నుండి వేరు చేసి చూడరాదనడానికి ఇది మంచి నిదర్శనం.

పళ్లు తోముకోవడం ఈ నేలకు కొత్త విద్య కాదు. పుల్ల కొనను నమిలి కుంచెగా చేసుకొని, చిగుళ్లకు గాయం కాకుండా రోజుకు రెండు పూటలా పళ్లు తోముకోవాలని చరక సంహిత చెప్పింది. వేపపుల్ల, కానుగపుల్ల రాయలసీమ పల్లెలలో తరతరాల అలవాటు. ఆధునిక దంతవైద్యం కూడా రెండు పూటలా తోముకోమనీ, చిగుళ్లను గాయపరచవద్దనీ చెప్పుతున్నది. అయితే ఇటుకపొడి, బొగ్గుపొడి, ఇసుక వంటి గరుకు పదార్థాలు ఎనామిల్‌ను అరగదీస్తాయి గనుక వాటిని విడిచిపెట్టాలి. రాత్రి పడుకొనే ముందు తోముకోవడం ఉదయపు తోముడు కంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గిపోవడం వల్ల పంటికి సహజమైన రక్షణ ఆ సమయంలో చాలా తక్కువగా ఉంటుంది.

దంతవైద్యశాల ఒక పాఠశాల

భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఆయన జన్మదినమైన డిసెంబరు 24ను దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకొంటున్నారు. ఆ తొలినాళ్లలో దంతవైద్యం ప్రధానంగా పన్ను తీయడం, పన్ను కట్టడం. క్రమంగా ఆ దృష్టి మారింది. 1986లో కెనడాలోని ఒట్టావా నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆరోగ్య ప్రోత్సాహానికి ఒక నిర్వచనాన్ని ఇచ్చింది. ప్రజలు తమ ఆరోగ్యాన్ని తామే అదుపులో ఉంచుకొని, మెరుగుపరచుకొనే శక్తిని వారికి కలిగించడమే ఆరోగ్య ప్రోత్సాహమని దాని సారాంశం. వైద్యుడు చేసేది రోగి చూచే స్థితి నుండి, రోగి చేసేదానికి వైద్యుడు తోడ్పడే స్థితికి ఇది మార్పు.

నివారణలో మూడు అంచెలున్నాయి. వ్యాధి రాకుండా చూడడం మొదటిది. పళ్లు సరిగా తోమడం, తీపిని అదుపు చేయడం, సీలెంట్లు, ఫ్లోరైడు పూతలు దీనిలోకి వస్తాయి. వచ్చిన వ్యాధిని తొలిదశలోనే గుర్తించి ఆపడం రెండవది. చిన్న గుంటను పూడ్చడం, గారను తీయడం దీనిలోనివి. ముదిరిన వ్యాధి మిగిల్చిన నష్టాన్ని తగ్గించి, నమిలే శక్తిని తిరిగి కల్పించడం మూడవది. వేరు చికిత్స, కట్టుడు పళ్లు దీనిలోకి చేరుతాయి. మొదటి అంచెలో ఖర్చు స్వల్పం, మూడవ అంచెలో అధికం. చిన్న గుంటను ఒక పూటలో పూడ్చవచ్చు. అదే గుంట పంటి నాడిని చేరిన తరువాత పలుమార్లు వైద్యశాలకు రావలసి ఉంటుంది. పల్లె నుండి పట్టణానికి బస్సు ఛార్జీ పెట్టుకొని, ఒకనాటి కూలి వదులుకొని వచ్చేవారికి ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. అనేకులు వేరు చికిత్సకు బదులు పన్ను పీకించుకోవడానికే సిద్ధపడడానికి కారణం నొప్పి కంటే పేదరికమే.

మంచి దంతవైద్యశాలలో పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టడంతోనే నివారణ మొదలవుతుంది. వైద్యుడు ముందుగా రోగి తినే తిండి, తాగే నీరు, పొగాకు అలవాటు, మధుమేహం వంటి జబ్బులను గురించి అడుగుతాడు. పంటికి పట్టిన పాచి కంటికి కనబడేలా రంగు ద్రవం పూసి, అద్దంలో రోగికే చూపుతాడు. “సరిగా తోముకొంటున్నాను” అనుకొన్న విద్యార్థి తన పళ్ల మీది రంగు చారలను చూచి, ఎక్కడ కుంచె చేరడం లేదో తానే గ్రహిస్తాడు. పది ఉపదేశాలు చేయలేని పనిని ఒక అద్దం చేస్తుంది. ఆ తరువాత తోమే పద్ధతిని నమూనా పళ్లపై చూపి, రోగి చేత చేయించి చూస్తారు. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపుతారు. నొప్పి ఉన్నా లేకున్నా నిర్ణీత కాలానికి వచ్చే పరీక్షే నివారణకు మూలం.

రోగికి కొత్త వ్యాధి అంటకుండా చూడడం కూడా వైద్యశాల బాధ్యతే. నోటిలో వాడే పనిముట్లకు రక్తం, లాలాజలం అంటుకొంటాయి. వాటిని శుద్ధి చేయకుండా మరొకరికి వాడితే కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ బి వంటి వ్యాధులు వ్యాపించవచ్చు. అందువల్ల పనిముట్లను కడిగి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తారు. ప్రతి రోగికీ చేతి తొడుగులు మారుస్తారు. ఈ జాగ్రత్తలు పాటిస్తున్నారా అని మర్యాదగా అడిగే హక్కు ప్రతి రోగికీ ఉన్నది. అర్హతలేని వారి చేత వీధిపక్కన, సంతలలో పళ్లు కట్టించుకోవడం ఈ కారణం చేతనే ప్రమాదకరం.

ఫ్లోరైడు – మేలు, కీడు

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడి ప్రజల పళ్ల మీద గోధుమరంగు మచ్చలను చూచి ఆశ్చర్యపోయాడు. మచ్చలున్న ఆ పళ్లు అంతగా పుచ్చకపోవడం మరింత ఆశ్చర్యం కలిగించింది. మూడు దశాబ్దాల అన్వేషణ తరువాత, 1931లో తాగే నీటిలోని ఫ్లోరైడే ఈ రెండింటికీ కారణమని తేలింది. తగుపాళ్లలో ఉంటే ఎనామిల్‌ను బలపరచి దంతక్షయాన్ని తగ్గిస్తుంది. మితి మించితే పళ్లను, ఎముకలను చెరుస్తుంది. దీనిని ఆధారం చేసుకొని 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో తొలిసారిగా తాగునీటికి తగినంత ఫ్లోరైడు కలిపారు.

అక్కడ నీటిలో ఫ్లోరైడు చాలకపోవడం సమస్య కాగా, తెలుగు నేలలో అనేక చోట్ల అది ఎక్కువ కావడం సమస్య. భారతదేశంలో నీటి ద్వారా ఫ్లోరైడు కలిగించే వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదికలలో ఒకటి 1937లో నాటి నెల్లూరు జిల్లా నుండే వెలువడింది. వ్యాధి సోకిన ఆ గ్రామాలలో అనేకం తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. నల్లగొండ జిల్లా ప్రజల బాధ దేశమంతటికీ తెలిసినదే. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి నీటి నుండి ఫ్లోరైడును తొలగించే విధానాన్ని రూపొందించి, దానికి “నల్లగొండ పద్ధతి” అని పేరు పెట్టింది.

రాయలసీమ మెట్ట నేలలలో, చిత్తూరు ప్రాంతపు కొన్ని గ్రామాలతో సహా, బోరు నీటిలో ఫ్లోరైడు మితి మించి కనబడింది. గ్రానైటు వంటి రాళ్లలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుంది. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయే కొద్దీ ఈ ముప్పు పెరిగే అవకాశం ఉన్నది. తిరుపతి నగరానికి కల్యాణి జలాశయం, తెలుగు గంగ నుండి నీరు అందుతున్నది. జలాశయాల నీటిలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువ. ఈ విధంగా కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ల పిల్లల దంత సమస్యలు వేరు కావచ్చు. ఒక ఊరిలో పుచ్చు పళ్లు, మరొక ఊరిలో మచ్చల పళ్లు ప్రధాన సమస్య కావచ్చు. అందుకే నివారణోపాయం చెప్పే ముందు “ఏ నీరు తాగుతున్నారు?” అని అడగడం ఈ ప్రాంతపు దంతవైద్యునికి తప్పనిసరి.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరొక నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. పళ్లు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడున్న నీరు తాగిన పిల్లలకే పళ్ల మీద మచ్చలు ఏర్పడతాయి. ఒకసారి ఏర్పడిన మచ్చలు తోమడం వల్ల పోవు. ఆ మచ్చలను అపరిశుభ్రతకు గుర్తుగా భావించి తోటి విద్యార్థిని ఎగతాళి చేయడం అజ్ఞానం, అన్యాయం. నీటిని కాచి తాగితే ఫ్లోరైడు పోతుందన్నది అపోహ. నీరు ఆవిరై తగ్గే కొద్దీ ఫ్లోరైడు గాఢత పెరుగుతుంది. నీటిని పరీక్ష చేయించడం, వాననీటిని నిలువ చేసి వాడడం, శుద్ధి చేసిన నీరు తాగడం, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి ఆహారంలో చేర్చడం మేలైన మార్గాలు. చిన్నపిల్లలకు టూత్‌పేస్టు శనగగింజ కంటే తక్కువగా వేసి, మింగకుండా ఉమ్మివేయడం నేర్పాలి. 2008–09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు ఒక జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది.

పొగాకు, వక్క

దంతవైద్యుడు ప్రాణాన్ని కాపాడగల సందర్భం నోటి క్యాన్సర్. ఈ వ్యాధికి ప్రధాన కారణాలు పొగాకు, వక్క, మద్యం. ఉత్తరాంధ్ర తీరంలోని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని కాల్చే “అడ్డపొగ” అలవాటు ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. ఈ అలవాటు ఉన్నవారికి అంగిట్లో క్యాన్సర్ రావడాన్ని వైద్య పరిశోధకులు గుర్తించారు. లోకమంతటా అరుదుగా కనబడే చోట ఇక్కడ వ్యాధి రావడం అలవాటుకు, వ్యాధికి ఉన్న సంబంధాన్ని స్పష్టం చేసింది.

చుట్ట, బీడీల కంటే నేటి యువతకు చేరువగా ఉన్నవి గుట్కా, వక్కపొడి పొట్లాలు. వక్కలో పొగాకు లేదు గనుక హాని లేదని అనేకులు నమ్ముతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో వక్కనే క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. వక్కను తరచుగా నమిలేవారికి బుగ్గల లోపలి పొర బిగుసుకొని, నోరు క్రమంగా తెరుచుకోవడం తగ్గిపోతుంది. కారం తగిలితే మంట పుడుతుంది. కొందరికి నోటిలో రెండు వేళ్లు పట్టడం కూడా కష్టమవుతుంది. ఈ దశ నుండి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారణం తెలియని గడ్డ కనబడితే నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోవాలి. తొలిదశలో నొప్పి ఉండకపోవడమే ఈ వ్యాధిలోని మోసం.

పళ్లు చూపించుకోవడానికి వచ్చినవారిని పొగాకు గురించి అడగడం, మానమని సలహా ఇవ్వడం, మానడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవడం, తోడ్పడడం, మళ్లీ పిలిపించి విచారించడం అనే ఐదు మెట్లను దంతవైద్యులు పాటిస్తారు. మానాలనుకొనేవారికి సలహా ఇవ్వడానికి 1800-11-2356 అనే ఉచిత జాతీయ ఫోను సేవ ఉన్నది. 2003 నాటి చట్టం 18 సంవత్సరాల లోపు వారికి పొగాకు అమ్మడాన్ని, విద్యాసంస్థలకు 100 గజాల లోపు దానిని విక్రయించడాన్ని నిషేధించింది. కళాశాల ద్వారం దగ్గరి దుకాణంలో పొట్లాలు వేలాడుతుంటే ఆ చట్టం అక్కడ అమలు కావడం లేదని అర్థం. దానిని ప్రధానాచార్యుల దృష్టికి తేవడం విద్యార్థులు చేయగల ప్రజారోగ్య సేవ.

పల్లెకు చేరే వైద్యం

దంతవైద్యులలో అధికులు పట్టణాలలో ఉన్నారు. ప్రజలలో అధికులు పల్లెలలో ఉన్నారు. ఈ దూరాన్ని తగ్గించడం నివారణ కార్యక్రమాలలో అతి ముఖ్యమైన అంశం. తిరుపతిలోని సి.కె.ఎస్. తేజ దంతవైద్య సంస్థ, కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల వంటి విద్యాసంస్థలకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉన్నది. ప్రతి దంతవైద్య కళాశాలలోనూ సామాజిక దంతవైద్యం ఒక పాఠ్యాంశం. పట్టా పొందడానికి ముందు యువ వైద్యులు కొంత కాలం గ్రామీణ సేవలో పాల్గొనాలి. బడులలో పిల్లల పళ్లు పరీక్షించడం, తోమే పద్ధతి నేర్పడం, చికిత్స అవసరమైన వారిని గుర్తించి పంపడం ఆ సేవలోని భాగాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించేటప్పుడు దంతక్షయాన్ని కూడా చూస్తారు. 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది.

విద్యుత్తు, మర యంత్రాలు లేని పల్లెలలో కూడా దంత చికిత్స అందించవచ్చునని టాంజానియా దేశం చూపింది. 1980ల నడుమ అక్కడ చేతి పనిముట్లతో మాత్రమే పుచ్చును తొలగించి, పంటికి అంటుకొనే సిమెంటుతో పూడ్చే పద్ధతిని రూపొందించారు. మర శబ్దం లేనందువల్ల పిల్లలు భయపడరు. బడి వరండాలో ఒక బల్ల మీద పడుకోబెట్టి చేయగల ఈ చికిత్స అనేక దేశాల పల్లెలకు ఉపకరించింది.

అయితే శిబిరంతోనే పని ముగియదు. పరీక్షలో పుచ్చు పన్ను ఉన్నదని చీటీ రాసి ఇస్తే, ఆ చీటీ పిల్లవాని పుస్తకాల సంచిలోనే నలిగిపోవచ్చు. తల్లికి దాని అర్థం తెలియాలి, తండ్రికి ఒక పూట తీరిక దొరకాలి, ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యుడు అందుబాటులో ఉండాలి. ఈ గొలుసులో ఏ కొలికి తెగినా నివారణ ఆగిపోతుంది. ఇక్కడ చదువుకొన్న పిల్లల పాత్ర గొప్పది. ఆ చీటీని చదివి ఇంటివారికి వివరించగలిగేది ఇంటర్మీడియట్ చదివే అన్న లేదా అక్కే.

అపోహలు తొలగాలి

పై పన్ను తీయిస్తే కంటి చూపు తగ్గుతుందని కొందరు భయపడతారు. పంటికి, కంటికి వెళ్లే నాడులు వేరు. ఈ భయానికి ఆధారం లేదు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది మరొక అపోహ. గార వల్ల అప్పటికే ఎముక కరిగి కదులుతున్న పన్ను, గార తొలగిన తరువాత కదులుతున్నట్లు తెలుస్తుంది. వదులు చేసినది గారే గాని చికిత్స కాదు. పాలపళ్లకు చికిత్స అనవసరమన్నది మూడవ అపోహ. పాలపన్ను తన కింద పెరిగే శాశ్వత దంతానికి చోటు కాపాడి ఉంచుతుంది. గర్భిణులు పళ్లు చూపించుకోరాదన్నది నాల్గవది. వైద్యునికి ముందుగా చెప్పి తగిన సమయంలో చికిత్స పొందడం తల్లికీ, బిడ్డకూ మేలు. పొగాకు పొడితో పళ్లు తోముకొంటే నొప్పి తగ్గుతుందన్న నమ్మకం వీటన్నింటి కంటే హానికరం. టూత్‌పేస్టులలో, పళ్లపొడులలో పొగాకు వాడకాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

ప్రతి ఏటా మార్చి 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినాన్ని జరుపుకొంటున్నారు. ఒకనాటి ఉత్సవం కంటే ప్రతి రాత్రి రెండు నిమిషాల శ్రద్ధ గొప్పది. వైద్యశాలలో వైద్యుడు చెప్పిన మాట ఇంటిలో అలవాటుగా మారినప్పుడే నివారణ ఫలిస్తుంది. ఇంటర్మీడియట్ చదివే వయసులో ఉన్నవారికి జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత దంతాలన్నీ సాధారణంగా వచ్చి ఉంటాయి. ఇక మీదట పోయిన పంటికి బదులు ప్రకృతి మరొకటి ఇవ్వదు. ఈ వయసులో ఏర్పడే అలవాట్లే ఆ పళ్లను అరవై, డెబ్బై ఏళ్ల వరకు నిలిపేవి గాని, ముప్పై ఏళ్లకే పోగొట్టేవి గాని. తన పళ్లను కాపాడుకొంటూ, ఆరేళ్ల చెల్లెలి నోటిలో కొత్తగా వచ్చిన దవడ పన్నును గుర్తించి అమ్మకు చూపగలిగిన విద్యార్థి, తెలిసో తెలియకో, దంతవైద్యశాల గడప దాటకముందే సగం వైద్యం చేసినవాడవుతాడు.